మూడుసార్లు అడగాలి

మా నాయన తాపీ మేస్త్రి. తమిళనాడులోని గుడియాత్తంలో మా వీధి వీధంతా మేస్త్రీలే, అందరం ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే. మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. పునాది రోజున ఇంటి యజమాని చేతి తాంబూలం పుచ్చుకుని, చదరానికి ఇంత కూలి అని మాట అనుకున్నాక, ఇక ఇంటి కప్పు, అదే స్లాబు, పడేదాకా మేస్త్రి తన నోటితో "చాలలేదు, పెంచండి" అని అడగకూడదు. చదరమంటే వంద చదరపుటడుగులు. బియ్యం ధర ఆకాశానికి పోనీ, బస్సు ఛార్జీ ఇంకా పైకి పోనీ, అడగకూడదంటే అడగకూడదు. అడిగినవాడు మేస్త్రి కాదు, బేరగాడు. ఈ కట్టుబాటు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, వాడి ఇంట్లో చదువుకునే కూతురు లేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

అడక్కుండానే పెంచే దారి ఒకటి ఉండేది. కప్పు వేసే రోజు పొద్దున, కాంక్రీటు కలపడానికి ముందు, యజమాని మేస్త్రి దగ్గరికి వచ్చి "ఏమప్పా, గిట్టుబాటు అవుతా ఉండాదా?" అని అడగాలి. మేస్త్రి "మీ పుణ్యాన బాగుండాది" అనాలి. యజమాని అంతటితో ఊరుకోకూడదు, మళ్ళీ అడగాలి. మేస్త్రి "ఏదో నడస్తా ఉండాది" అని నసగాలి. మూడోసారి అడిగితే అప్పుడు తల గోక్కుంటూ ఉన్న మాట చెప్పాలి. యజమాని పెంచదలచుకున్నది ఆ సాయంత్రమే తాంబూలం పళ్ళెంలో పెట్టి ఇచ్చేయాలి. కప్పు పడిందంటే మాట ముగిసింది. తర్వాత పూత పని మిగిలి ఉన్నా, నేల పని మిగిలి ఉన్నా రేటు అదే.

నాకు పదేళ్ళప్పుడు కే.వి.కుప్పం దగ్గర ఒక రైతు ఇంటి కప్పుకు నాయన నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఆ రైతూ తెలుగువాడే. పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద గొంతు.

"ఏమప్పా మేస్త్రీ, గిట్టుబాటు అవుతా ఉండాదా?"

"మీ పుణ్యాన బాగుండాది సామీ."

"ఏంది బాగుండేది? మొగం చూస్తే అట్ల లేదే! చొక్కా భుజం కాడ చినిగిపొయ్యుండాది. సరిగ్గా చెప్పు."

"ఏదో నడస్తా ఉండాది."

"నా కాడ నాటకాలాడొద్దప్పా! మొన్న మడికాడ కూలోళ్ళకే ఎచ్చు చేసినా, నీకు చేయకుండా ఉంటానా? నోరు తెరిచి చెప్పవయ్యా!"

అప్పుడు నాయన చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రైతు భార్య నాకు చేతి నిండా వేరుశనక్కాయలు పోసింది. పెద్దవాళ్ళు దొంగాట ఆడుకుంటున్నట్టుగా ఉండి, నాకు ముచ్చటేసింది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మా నాయన దృష్టిలో లోకంలో ఉన్న మర్యాదస్తులందరికీ ఈ పద్ధతి తెలుసు. తెలియదని ఎవరైనా అంటే నమ్మేవాడు కాదు. అన్నం తినేవాడికి చెయ్యి కడుక్కోవడం తెలియదా అని అడిగేవాడు.

నేను ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో చేరిన ఏడాది నాయన వేలూరులో ఒక పెద్ద ఇంటికి ఒప్పుకున్నాడు. సత్తువాచ్చారి వైపు, రెండంతస్తులది. యజమాని తోలు సరుకు విదేశాలకు పంపే ఒక కంపెనీలో మేనేజరు. తమిళాయన, మెత్తటి మనిషి, ఎవరినీ ఏకవచనంలో పిలిచేవాడు కాదు. సామాను ఆయనది, కూలి మాది. మాట రెండంతస్తులకూ కలిపి. అంటే పైఅంతస్తు కప్పు పడినప్పుడే కప్పు పడినట్టు. పునాది రోజు ఒప్పుకున్న రేటు విని మా వీధిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. అంత మంచి రేటది. అమ్మ ఆ వారం పాయసం కాచింది.

ఆ పాయసం అరిగేలోపే ధరలు మొదలయ్యాయి. దేశం తలుపులు తెరిచారని, ఇక అందరం బాగుపడతామని రేడియోలో చెప్పేవారు. నాయన వంటింటి గుమ్మంలో కూర్చుని వినేవాడు. "దేశం బాగుపడతా ఉండాదంట" అని అమ్మకు చెప్పేవాడు. అమ్మ బీడీలు చుట్టేది, చాటలో ఆకుల మీదనుంచి చూపు ఎత్తకుండానే, "దేశానికి నూనె ఎవురు పోస్తా ఉండారో అడిగి తెలుసుకో. మన సీసా అడుగంటింది" అనేది.

నిజంగానే వేరుశనగ నూనె మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. రేషన్ అంగట్లో పామాయిలు వచ్చిన నెల అది, రాని నెల తాలింపు లేదు. పొన్ని బియ్యం పండగలకు మాత్రమే. తర్వాత పండగలక్కూడా రేషన్ బియ్యమే, రెండుసార్లు కడిగి, వాసన పోవడానికి మూడోసారి కడిగి. నాకు సంగటి అంటే ఇష్టమే, కానీ పొద్దున సంగటి, మధ్యాహ్నం సంగటి, మళ్ళీ రాత్రికి సంగటి అయితే ఇష్టమెక్కడిది? కిరసనాయిలు క్యూలో నిలబడి నేను వృక్షశాస్త్రం పుస్తకం మొత్తం చదివేశాను. కిరసనాయిలు ముగిసిందని బోర్డు తిప్పితే పుస్తకం మూసి ఇంటికి వచ్చేదాన్ని. మరోవైపు చూస్తే మా వీధి చివరి అంగడి కొత్త పెళ్ళికూతురిలా తయారైంది. రూపాయికి షాంపూ పొట్లాలు తోరణాల్లా వేలాడేవి. ఏ రంగు కావాలంటే ఆ రంగు సబ్బు. కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు. ఎవరు కొంటున్నారో మాకు తెలిసేది కాదు.

అసలు దెబ్బ సిత్తాళ్ళ రూపంలో వచ్చింది. సిత్తాళ్ళంటే ఇటుకా ఇసుకా మోసే ఆడవాళ్ళు. నాయన వెంట ఆరుగురు గుడియాత్తం నుంచి వేలూరుకు బస్సులో వెళ్ళేవారు. ఆ రోజుల్లోనే ఆంబూరులో, పేర్ణాంబట్టులో చెప్పుల ఫ్యాక్టరీలు ఒకటి తర్వాత ఒకటి లేచాయి. నీడలో కూర్చుని బూట్ల పైతోలు కుట్టే పని, నెల జీతం. మా సిత్తాళ్ళకు అది స్వర్గంలా కనపడింది, కనపడదా మరి? ఒకరిద్దరు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు నాయన ముందు నిలబడి, "మేస్త్రీ, ఎచ్చు ఇస్తే వస్తాము, లేదంటే ఆంబూరు పోతాము" అన్నారు. వాళ్ళకు కట్టుబాటు లేదు, బుద్ధి ఉంది. నాయన పెంచాడు. వాళ్ళ బస్సు ఛార్జీలు పెరిగితే అవీ తనే పెట్టుకున్నాడు. వచ్చేది పునాది నాటి రేటు, పోయేది ఇవాళ్టి రేటు. తోలు కంపెనీలు బాగుపడినందుకే ఆ మేనేజరు గారు మేడ కడుతున్నారు, అందుకే మా మనుషులు మాకు దొరకడం లేదు. రెండువైపులా నలిగింది మాత్రం మధ్యలో ఉన్న మా నాయన.

ఇల్లు కూడా ఒక పట్టాన పైకి లేవలేదు. ఇనుము రేటు చూసి మేనేజరు గారు మూడు నెలలు పని ఆపారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ ఆపారు. ఆపిన రోజుల్లో వేరే చోట పని ఒప్పుకోవచ్చు కదా అంటే, తాంబూలం ఒకరి చేతిది పుచ్చుకుని ఇంకొకరి గోడ ఎట్లా కట్టేది అని నాయన ప్రశ్న. దినకూలికి పోయేవాడు గానీ మేస్త్రిగా పోలేదు. వేలూరు బస్టాండులో దిగి సత్తువాచ్చారి దాకా నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. పొద్దున హోటల్లో తినే రెండు ఇడ్లీలు మానేశాడు. అడిగితే, "ఇడ్లీ తింటే నిద్ర వస్తాది" అనేవాడు. అమ్మ చెవికమ్మలు సేటు తాకట్టు అంగడికి వెళ్ళి తిరిగి రాలేదు. చెవులకు వేప పుల్లలు పెట్టుకుని, ఎవరైనా అడిగితే చీము పట్టిందని చెప్పేది.

ఆ పరిస్థితిలో నేను ప్లస్ టూ పాసయ్యాను. మామూలుగా పాసైతే ఏ గొడవా ఉండేది కాదు. మంచి మార్కులు వచ్చాయి. వేలూరులోని ఒక టీచర్ ట్రైనింగ్ స్కూల్లో సీటు ఇస్తామని కార్డు వచ్చింది. రెండేళ్ళు చదివితే టీచరమ్మను. కానీ ఫలానా తారీఖులోపు ఫీజు కట్టాలి, కట్టకపోతే సీటు వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది. మా వీధిలో అప్పటిదాకా ఆడపిల్ల చదువంటే పదో తరగతే చివరి స్టేషను. ఆ కార్డును నేను దిండు కింద పెట్టుకోలేదు. అలా పెట్టుకుంటారని కథల్లో రాస్తారు. గోడకు మేకు కొట్టి అందరికీ కనపడేలా తగిలించాను. నాయన తల దువ్వుకునే అద్దం పక్కనే.

పైకప్పు వేసే రోజు ఖాయమైంది. ఫీజు తారీఖుకు సరిగ్గా నాలుగు రోజుల ముందు. ఇంట్లో అందరి లెక్కా ఒక్కటే: కప్పు రోజు మేనేజరు అడుగుతాడు, నాయన చెబుతాడు, పళ్ళెంలో వస్తుంది, ఫీజు కడతాం. అమ్మకు మాత్రం అనుమానం.

"ఇదో, ఆయప్ప మనోడు కాదు. ఆయనకి మన పద్ధతి యాడ తెలుస్తాది? ముందే పొయ్యి చెప్పు."

"పెద్ద మనిషి. తెలియకుండా ఉంటాదా?"

"తెలియకపోతే?"

"రెండేండ్లుగా చూస్తా ఉండాడు గదా. ధరలు ఆయనకి మాత్రం తెలియవా? అడుగుతాడు లే."

"అయితే మొదుటి మారే చెప్పెయ్. మూడుమార్లు అడిగే ఓపిక వాళ్ళకి ఉండదు."

నాయన అమ్మను ఎగాదిగా చూశాడు. పెళ్ళిపందిట్లో చొక్కా విప్పేయమన్నట్టు చూశాడు. "మొదుటి మారే చెప్తే అడుక్కున్నట్టు గాదా?" అన్నాడు.

"అడుక్కుంటే ఏం పోతాది? దాని చదువు పోతా ఉండాది ఈడ!" అని అమ్మ బీడీల చాట విసిరేసినంత పని చేసింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. కానీ లోపల అమ్మ పక్షమే. నోట్లో నాలుక లేని మనిషికి పుట్టానే అని తిట్టుకున్నాను. నాకు నాలుక ఉందని నా నమ్మకం. స్కూల్లో, వీధిలో, కిరసనాయిలు క్యూలో, ఎక్కడ ఎవరు అడ్డం వచ్చినా నేను మాట పడేదాన్ని కాదు. మా వీధిలో నాకు మిరపకాయ అని పేరు.

కప్పు రోజుకు ఇద్దరు సిత్తాళ్ళు రాలేమన్నారు. కాంక్రీటు మధ్యలో ఆపకూడదు, పొద్దున మొదలుపెడితే ముగిసేదాకా సాగాల్సిందే. అందుకని నేను వెళ్ళాను. నాయన వద్దన్నాడు. "ఒక్క దినం గదా నాయనా" అన్నాను. నిజం చెప్పాలంటే తట్టలు మోయడానికి కాదు, ఆ ప్రశ్న అడిగేటప్పుడు పక్కన ఉండాలని వెళ్ళాను.

ఇంటి ముందు కలిపే యంత్రం నిలబెట్టారు. పూజ అయింది, టెంకాయ కొట్టారు. మేనేజరు గారు తెల్ల పంచెలో, నుదుట విభూతితో, నాయన దగ్గరికి నడిచి వచ్చారు. నేను మూడడుగుల దూరంలో తల మీద గుడ్డ చుట్ట సరిచేసుకుంటున్నాను. ఆయన నవ్వుతూ అడిగారు.

"ఎన్న మేస్త్రీ, కట్టుబడి ఆగుదా?"

సరిగ్గా అదే ప్రశ్న! తమిళంలో, మా కే.వి.కుప్పం రైతు అడిగిన మాటే. గిట్టుబాటవుతోందా అని. అమ్మ అనుమానం వట్టిది, నాయన చెప్పిందే నిజం, పెద్ద మనుషులకు తెలియకుండా ఉంటుందా! నాయన ముఖం వెలిగిపోయింది. నా వైపు ఒక్క చూపు చూశాడు, చూశావా అన్నట్టు. తర్వాత చేతులు కట్టుకుని, తల వంచి, ఎంతో అందంగా అన్నాడు.

"ఉంగ పుణ్యత్తుల నల్లా ఇరుక్కు సార్."

మీ పుణ్యాన బాగుంది.

"రొంబ సంతోషం" అన్నారు మేనేజరు గారు. నిజంగానే సంతోషించారు, ఆ మాటలో ఏ కల్లాకపటం లేదు. నాయన భుజం తట్టి, యంత్రం వైపు వెళ్ళిపోయారు.

నాయన చేతులు కట్టుకునే ఉన్నాడు. రెండో ప్రశ్న కోసం నిలబడ్డాడు. యంత్రం శబ్దం మొదలైంది, జనం "మేస్త్రీ, మేస్త్రీ" అని పిలుస్తున్నారు, ఆయన అక్కడే నిలబడ్డాడు. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది.

"నాయనా, పొయ్యి చెప్పు" అన్నాను పళ్ళు బిగించి.

"ఇంకోమారు అడగనీమ్మా."

"అడగడు నాయనా! ఆయనకి తెలీదు!"

"పొద్దు చానా ఉండాది. అడుగుతాడు లే. నువ్వు పని చూసుకో."

పని చూసుకున్నాను. తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కడం, దిగడం. పైన నాయన కాంక్రీటు పరిచి మట్టం చూస్తున్నాడు. మధ్యాహ్నంలోపు మేనేజరు గారు మూడుసార్లు పైకి వచ్చారు. మొదటిసారి "మేస్త్రీ!" అని పిలవగానే నాయన చేతిలో మట్టపలక కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నిటారుగా నిలబడ్డాడు. "నీళ్ళ పైపు ఎక్కడ వస్తుంది?" అని అడిగారాయన. రెండోసారి పిలిస్తే మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. సిమెంటు మూటలు సరిపోతాయా అని అడిగారు. మూడోసారి, ఎండ ఎక్కువైంది, మజ్జిగ తెప్పించమంటారా అన్నారు. ప్రతిసారీ నాయన ముఖం పైకి లేచి కిందికి దిగింది. నేను నిచ్చెన మీదనుంచి అదంతా చూస్తూ, తట్ట తీసుకెళ్ళి ఆ కప్పు మీదే బోర్లించాలన్నంత కోపంతో ఉన్నాను. నాయన మీద కాదు, మేనేజరు మీద కాదు, కట్టుకున్న ఆ రెండు చేతుల మీద. ఆ చేతులు విప్పి నాలుగడుగులు నడిస్తే నా రెండేళ్ళు నాకు దక్కుతాయి. నాలుగే నాలుగడుగులు! నడవడే!

మధ్యాహ్నం వంతులవారీగా భోజనాలు. ఆంబూరు నుంచి పెద్ద గుండిగెడు బిర్యానీ తెప్పించారు. వరండాలో ఆకులు వేశారు. సిత్తాళ్ళం ఒక వరస, ఎదురుగా నాయన, ఇంకో ఇద్దరు మేస్త్రీలు. మేనేజరు గారి భార్య స్వయంగా వడ్డిస్తోంది. బొద్దుగా, ముక్కుపుడకతో, కళ్ళల్లో ఎంతో దయ ఉన్న మనిషి. నా ఆకు దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె తమిళంలో మాట్లాడింది, నేనూ తమిళంలోనే జవాబు చెప్పాను. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. తెలుగు రాయడం నేను పెళ్ళయి చిత్తూరు వచ్చాక నేర్చుకున్నాను.

"నువ్వు మేస్త్రి కూతురివట కదా? చదువుకున్న పిల్లలా ఉన్నావే. ఈ ఎండలో ఈ పనికి ఎందుకొచ్చావమ్మా? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

వరస మొత్తం తలలు నా వైపు తిరిగాయి. నా చేతి గోళ్ళల్లో సిమెంటు. నా జుట్టు నిండా ఇసుక. ఆకులో ఆమె పెట్టిన మాంసం ముక్క. ఎదురుగా నాయన, ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు.

"అయ్యో, అదేం లేదమ్మా" అన్నాను. "సెలవులు కదా, ఊరికే వచ్చాను."

ఆమె పోలేదు. గరిట పట్టుకుని అక్కడే నిలబడింది. "మొహమాటపడకమ్మా. ధరలు చూస్తున్నాం కదా. మాకే తల తిరుగుతోంది, మీకు ఎలా జరుగుతోందోనని అప్పుడప్పుడు మేమిద్దరం అనుకుంటాం. నిజం చెప్పు, ఇంట్లో బాగున్నారా?"

రెండోసారి. నాయనకు దక్కని రెండోసారి! నాకు అక్కడే తెలిసింది, ఇది రెండోసారని. లెక్క పెట్టుకుంటున్నాను కూడా. నోట్లో మాట సిద్ధంగా ఉంది: లేదమ్మా, మా నాయనకు గిట్టడం లేదు, ఆయన అడగలేడు, నాలుగు రోజుల్లో నా సీటు పోతుంది. పొద్దుటినుంచి నిచ్చెన మీద ఆ మాటలే నూరుకుంటున్నాను. మా వీధి మిరపకాయను నేను.

"బాగున్నామమ్మా" అన్నాను. నవ్వాను కూడా. "ఏదో, నడుస్తోంది."

"మంచిది. తర్వాత ఏం చదువుతావు?"

"టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చిందమ్మా, వేలూరులోనే."

"అబ్బ, చాలా సంతోషం!" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. కాస్త వంగి, మిగతావాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించి అడిగింది. "ఫీజు కట్టేశారా? కట్టకపోతే చెప్పు."

మూడోసారి. ఇంకెవరైనా ఇంతకంటే స్పష్టంగా ఎలా అడుగుతారు? మా కట్టుబాటు ప్రకారమే ఇక నోరు విప్పవచ్చు. విప్పడమే మర్యాద. నేను నాయనను చూశాను. ఆయన ముద్ద ఆకులో పెట్టేసి, నా నోటి వైపే చూస్తున్నాడు. వద్దని చెప్పే చూపు కాదు. ఒట్టేసి చెబుతాను, చెప్పమనే చూపది. ఆ మనిషి ముఖంలో అంత ఆశ నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"కట్టేశామమ్మా" అన్నాను.

ఎందుకలా అన్నానో ముప్పై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు వింటున్నారని సిగ్గేసిందా? ఆమె పెట్టిన బిర్యానీ తింటూ ఇంకా అడగడానికి ముఖం చెల్లలేదా? ఏమో. నేను అనాలనుకోలేదు. నా నోరు నన్ను అడగలేదు. మా ఇంట్లో ఎవరైనా బాగున్నారా అంటే బాగున్నామనే చెబుతాం, జ్వరంతో మూలుగుతున్నా అదే చెబుతాం. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, ఇంకో గరిట బిర్యానీ వడ్డించి, పక్క ఆకు దగ్గరికి జరిగింది. నాయన ఆకులో పెట్టేసిన ముద్దను మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. ఆ అన్నం చివరి మెతుకుదాకా తిన్నాను. పారేయడానికి మనసొప్పలేదు.

సాయంత్రానికి కప్పు ముగిసింది. మేనేజరు గారు తాంబూలం పళ్ళెం ఇచ్చారు. జరీ అంచు పంచె, తువ్వాలు, టెంకాయ, పళ్ళు, పైన నూట పదహారు. మంచి పంచె, ఖరీదైనదే. ఆయన తక్కువ చేయలేదు. గిట్టుబాటవుతోందని చెప్పిన మేస్త్రికి ఏం చేయాలో అది చేశారు.

గుడియాత్తం బస్సులో నాయనా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. కాట్పాడి దాటింది, కే.వి.కుప్పం దాటింది. ఇంటి గుమ్మంలో అమ్మ పళ్ళెం అందుకుని, పంచె మడత విప్పి దులిపింది. మళ్ళీ మడత పెట్టింది.

"అడగలేదా?"

"అడిగినాడు" అన్నాడు నాయన.

"ఎన్నిమార్లు?"

నాయన తువ్వాలు భుజాన వేసుకుని పంపు వైపు నడిచాడు. అమ్మకు అర్థమైపోయింది. ఆమె ఆ వీధిలో పుట్టిన మనిషే కదా. గోడ పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది. వీధి వీధంతా విన్నది. నీ మర్యాద తగలబడా, నీ తాంబూలం మన్నైపోనూ, రెండేండ్లు నా చెవులు బోడి చేసి ఇప్పుడు నా బిడ్డ నోట్లో మన్ను కొట్టినావే అని. నాయన పంపు కింద కాళ్ళకు అంటిన సిమెంటు కడుక్కుంటున్నాడు. నేను లోపల నిలబడి వింటున్నాను. ఒక్కసారి బయటికి వచ్చి, అమ్మా, నన్ను కూడా అడిగినారు అని చెప్పి ఉంటే సరిపోయేది. రాలేదు. అమ్మ నన్ను పట్టుకుని ఏడిస్తే నేనూ ఏడ్చాను. ఆయన వల్లే ఇదంతా అన్నట్టు ఏడ్చాను. ఫీజు తారీఖు వచ్చింది, పోయింది. గోడ మీది కార్డు తీసింది నాయనే. నేను పంపు దగ్గర గిన్నెలు తోముతున్నప్పుడు తీశాడు, మేకు మాత్రం ఉంచేశాడు.

ఆడి మాసం, అంటే ఆషాఢం, ముగిశాక మా పాత సిత్తాలు ఒకామె వచ్చి, ఆంబూరు ఫ్యాక్టరీలో ఆడపిల్లలను తీసుకుంటున్నారని చెప్పింది. బూట్ల పైతోలు కుట్టే పని. నేను సరేనన్నాను. మొదటిరోజు పొద్దున అమ్మ టిఫిన్ డబ్బాలో చద్దన్నం, ఊరగాయ పెడుతోంది. నాయన వేలూరు పూత పనికి బయలుదేరుతూ తలకు తువ్వాలు చుట్టుకుంటున్నాడు. అమ్మకు మళ్ళీ కడుపు మండింది.

"నువ్వు పొయ్యి నిలబడినావు మహారాజు మాదిరి! దాన్ని అడిగింటే చెప్పిండేది. దానికి నోరుండాది, నీ మాదిరి కాదు. ఆయమ్మో ఆయప్పో దాన్ని ఒక్క మాట అడిగింటే, ఈ పొద్దు నా బిడ్డ టీచరమ్మ పనికి చదువుకుంటా ఉండేది."

నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టబోయి అలాగే ఆగిపోయాను. నాయన తువ్వాలు కొస దోపుకుని నా వైపు చూశాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు.

"అవును" అన్నాడు. "దాన్ని అడిగింటే చెప్పిండేది."

అమ్మ డబ్బా మూత బిగించి నా చేతికిచ్చింది. ఆంబూరు బస్సుకు టైమైందని చెప్పి నేను వీధిలోకి నడిచాను.